మీకు తెలుసా? ఒళ్లు కదిలితే ఒంటబట్టే ఇంగ్లిష్

ఎవరూ అర్థం చెప్పకుండానే ఒకటో తరగతి పిల్లలకు వచ్చేసే మొదటి ఇంగ్లిష్ మాటలేమిటో తెలుసా?

స్టాండప్, సిట్‌డౌన్. మంగళగిరిలో ఏ ప్రాథమిక పాఠశాలకైనా వెళ్లి చూడండి. టీచరు గుమ్మంలో కనపడగానే క్లాసంతా లేస్తుంది. ఆమె చెయ్యి కిందికి ఊపి ‘సిట్‌డౌన్’ అనగానే కూర్చుంటుంది. ఈ రెండు మాటలనూ ఎవరూ పలక మీద రాయించలేదు, పదిసార్లు చెప్పించలేదు. తొలిరోజు పక్కవాళ్లు లేస్తే కొత్త పిల్లాడూ లేచాడు. రెండోరోజు మాట చెవిన పడగానే కాళ్లు వాటంతటవే లేచాయి. పుస్తకంలో బొమ్మ కింద అచ్చయిన మాట నెల తిరిగేసరికి మరిచిపోయే పిల్లాడు, ఈ రెండూ మాత్రం జన్మలో మరవడు.

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మనస్తత్వశాస్త్రం బోధించిన జేమ్స్ ఆషర్ 1960లలో ఇదే సంగతి పట్టుకుని ప్రయోగాలు చేశారు. జపనీస్, రష్యన్ ఎన్నడూ విననివాళ్లను కూర్చోబెట్టి, ‘లే’, ‘నడువు’, ‘ఆగు’, ‘వెనక్కి తిరుగు’ అని ఆ భాషలోనే చెబుతూ, చేసి చూపిస్తూ, వాళ్లచేత చేయించారు. 1969లో దాని మీద పేరుమోసిన వ్యాసం రాశారు. 1977లో పుస్తకం వేశారు. ఆ పద్ధతి పేరు ‘టోటల్ ఫిజికల్ రెస్పాన్స్’. శిక్షణ తరగతులకు వెళ్లొచ్చిన టీచర్లు టీపీఆర్ అని పొట్టిగా అనేది దీన్నే.

ఆషర్‌కు ఆధారం చంటిబిడ్డలు. ‘తాతకు దణ్ణం పెట్టు’ అంటే ఏడాది నిండని పిల్ల చేతులు జోడిస్తుంది. ‘బంతి ఇవ్వు’ అంటే ఇస్తుంది. ‘బంతి’ అని తను అనడానికి ఇంకా నెలలు పడుతుంది. చెవి ముందు, ఒళ్లు ఆ వెంటనే, నోరు చాలా తర్వాత. ఇంగ్లిష్‌కీ ఇదే వరస అని ఆయన వాదన. కాబట్టి క్లాసులో నోరు మెదపని పిల్లను చూసి ‘దీనికి రాదు’ అని తేల్చేయకండి. ‘టచ్ ద డోర్’ అన్నప్పుడు ఆమె తలుపు దగ్గరికి నడిచిందా లేదా చూడండి. నడిచిందంటే సగం పైగా వచ్చినట్టే.

*

ఆషర్ కన్నా నాలుగు దశాబ్దాల ముందే ఇలాంటి పుస్తకం ఒకటి టోక్యోలో అచ్చయిందని తెలుసా?

హెరాల్డ్ పామర్ అనే ఆంగ్లేయుడు జపాన్ విద్యాశాఖకు భాషా సలహాదారుగా 1922లో వెళ్లారు. 1925లో ‘ఇంగ్లిష్ త్రూ యాక్షన్స్’ తెచ్చారు. దానికీ ముందు, 1880లో, ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా గువాఁ అనే ఉపాధ్యాయుడు తన పద్ధతి రాశాడు: తలుపు దగ్గరికి నడుస్తున్నాను, గడియ పట్టుకున్నాను, తిప్పాను, తలుపు తెరిచాను, ఇలా ఒక పనిని ముక్కలు ముక్కలుగా చేస్తూ, ముక్కకో వాక్యం చెప్పించడం. నిఘంటువు, వ్యాకరణం కంఠస్థం చేసి జర్మన్ నేర్చుకోబోయి విఫలమయ్యాక, పిండిమర చూసొచ్చిన తన మేనల్లుడు చూసిందంతా వరసగా ఆడుతూ చెప్పుకోవడం గమనించి ఆయన ఈ దారి పట్టాడు.

*

ఇసుకలో వేలితో అక్షరం దిద్దే మన పిల్లలను చూసి ఒక ఇంగ్లండ్ బడి పద్ధతి పుట్టిందని తెలుసా?

1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అధిపతి అయ్యారు. ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాస్తుండగా చూసి, అదే పద్ధతి తన ఆశ్రమంలో పెట్టమన్నారు. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించారు. 1797లో లండన్‌లో దీని మీద నివేదిక అచ్చువేయించారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో వేల బళ్లు ‘మద్రాసు పద్ధతి’లో నడిచాయి.

ఇక్కడి అరుగుబళ్లలో ఓనమాలు ఎలా దిద్దించేవారో పెద్దలను అడిగితే చెబుతారు. వేలు ఇసుకలో కదులుతుంటే నోరు ‘అ’ అని సాగదీసి పలకాలి. పక్కవాడూ అదే పలుకుతుంటాడు కనుక చెవీ పనిలో ఉంటుంది. ఎక్కాలు, నెలలు, నక్షత్రాలు, అన్నీ ఊగుతూ రాగం తీస్తూ చెప్పినవే. గవర్నర్ థామస్ మన్రో 1822లో కలెక్టర్లచేత లెక్కలు తీయిస్తే మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బళ్లు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. గుంటూరు సీమ కూడా అందులోదే. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్, కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆహ్వానం మీద గుంటూరు వచ్చి పాఠశాలలు పెట్టేనాటికి, ఇక్కడి పిల్లలకు గొంతెత్తి కలిసి చదవడం కొత్తేమీ కాదు. ఈనాడు ఇంగ్లిష్ ‘చాంట్’ (తాళానికి తగ్గట్టు అందరూ కలిసి చెప్పే వరసలు) అని పైనుంచి వచ్చిందాన్ని మన టీచర్లు ఇట్టే అందిపుచ్చుకోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం. ఎక్కం చెప్పిన గొంతుకు చాంట్ కష్టం కాదు.

కాకపోతే పాత పద్ధతిలో ఒక లోటుంది. అమరకోశం అర్థం తెలియకుండానే అప్పజెప్పేవారు. ఆ లోటు ఇంగ్లిష్ పాఠంలోకీ జొరబడుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

*

మరియా మాంటిస్సోరి మద్రాసులో ఉండగా మన టీచర్లకు శిక్షణ ఇచ్చారని తెలుసా?

1939లో అడయారుకు వచ్చారు, యుద్ధం వల్ల చాలా ఏళ్లు మన దేశంలోనే ఉండిపోయారు. మాట నేర్పడానికి ఆమె వాడిన పద్ధతిలో మూడు మెట్లున్నాయి. మొదట ‘ఇది ఎరుపు, ఇది నీలం’ అని చూపించి చెప్పాలి. రెండో మెట్టులో ‘ఎరుపు నాకివ్వు, నీలం కిటికీలో పెట్టు, ఎరుపు దాచు’ అని పిల్ల చేత తిప్పించాలి. ‘ఇదేమిటి?’ అని అడగడం చివరి మెట్టు. మన క్లాసుల్లో తరచుగా జరిగేది మొదటి మెట్టు నుంచి మూడోదానికి దూకడం. ‘దిస్ ఈజ్ రెడ్’ అన్న మరుక్షణమే ‘వాట్ ఈజ్ దిస్?’ అంటాం. నడిమి మెట్టే అసలైన పాఠం. అక్కడ పిల్లలు ఎంతసేపు ఆడితే అంత మంచిది.

*

తెలుగులో ‘అభినయ గేయం’ అనే మాట ప్రతి ప్రాథమిక పాఠశాల టీచరుకూ తెలుసు. ఆ మాటను ఇంటింటికీ చేర్చినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసింది ఎవరినో తెలుసా? రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. పిల్లల చేత పాడించి ఆడించడమే చదువు అని జీవితాంతం నమ్మారు. చేతులు తిప్పుతూ, గెంతుతూ, పాడుతూ పిల్లలు మాట నేర్చుకుంటారన్న విషయంలో తెలుగువాళ్లం ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోనక్కర్లేదు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, నేల–బండ, తొక్కుడుబిళ్ల అన్నీ మాటకూ కదలికకూ ముడివేసిన ఆటలే.

నేల–బండనే తీసుకోండి. దొంగ ‘నేల’ కోరుకుంటే మిగతావాళ్లు బండలెక్కాలి, కిందికి దిగితే దొరికిపోతారు. ఈ ఆటలో ‘అప్’, ‘డౌన్’, ‘ఆన్ ద స్టోన్’, ‘ఆన్ ద గ్రౌండ్’ అని కేకలు వేయిస్తే చాలు. ‘ఆన్’ అనే చిన్న మాటకు నల్లబల్ల మీద ఎంత వివరించినా తెలియని అర్థం బండ మీద నిలబడ్డ కాళ్లకు తెలుస్తుంది. తొక్కుడుబిళ్ల గళ్లలో అంకెల బదులు ‘హ్యాండ్’, ‘లెగ్’, ‘నోస్’, ‘ఇయర్’ అని రాసి, ఏ గడిలో దూకితే ఆ అవయవం పట్టుకుని పేరు చెప్పాలంటే, బడి వదిలాక కూడా ఆడుతూనే ఉంటారు.

*

ఇదంతా పిల్లలకు సరదాయే కానీ నిజంగా గుర్తుంటుందా అని పరీక్షించి చూసినవాళ్లున్నారని తెలుసా?

ఫ్రాన్స్‌లో మరియన్ టెలియే అనే పరిశోధకురాలు అయిదేళ్లు దాటిన 20 మంది పిల్లలకు ఎనిమిది ఇంగ్లిష్ మాటలు నేర్పారు. కొందరికి బొమ్మలు చూపించారు. కొందరికి సైగలు చూపించి, ఆ సైగను పిల్లల చేత కూడా చేయించారు. మాటను తిరిగి చెప్పడంలో సైగ చేసినవాళ్లే ముందున్నారు. ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

2020లో జర్మనీ నుంచి వచ్చిన అధ్యయనం ఇంకాస్త ఆలోచింపజేస్తుంది. ఎనిమిదేళ్ల బడిపిల్లలకు ఇంగ్లిష్ మాటలు కొన్ని వట్టిగా వినిపించారు, కొన్ని బొమ్మలతో, కొన్ని సైగలతో నేర్పారు. ఆరు నెలల తర్వాత అడిగితే వట్టిగా విన్నవాటి కన్నా మిగతావే బాగా గుర్తున్నాయి. అయితే ఆ వయసు పిల్లల్లో బొమ్మ, సైగ రెండూ సమానంగా పనిచేశాయి. అంటే 2021లో విద్యా కానుక కిట్లలో ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు ఇచ్చిన బొమ్మల డిక్షనరీ కూడా ఆటతో సమానమైన ఆయుధమే, తెరిచి చూపిస్తే. కొత్తగా ఉందని సంచిలోనే దాచిన ఇళ్లూ ఉన్నాయి. పుస్తకం నలిగినా ఫర్వాలేదు, పిల్లల చేతికివ్వండి.

చాంట్‌ను అభిమానించేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన పరిశోధన మరొకటుంది. ఎడింబరోలో 60 మంది పెద్దలకు పావుగంటలో 20 హంగేరియన్ వాక్యాలు వినిపించారు. ఒక జట్టు మామూలుగా పలికింది, ఒక జట్టు తాళం వేస్తూ పలికింది, మూడోది పాడింది. హంగేరియన్‌లో తిరిగి చెప్పమన్నప్పుడు పాడినవాళ్లే మిగతా రెండు జట్లనూ దాటిపోయారు. తాళం ఒక్కటే సరిపోలేదు, రాగం కూడా కావలసి వచ్చింది. కాబట్టి గొంతు బాగున్న టీచరమ్మ చాంట్‌ను పాటగా మార్చేస్తే ఆపవద్దు.

*

బాగా పేరున్న ఇంగ్లిష్ చాంట్ల పుట్టుక జాజ్ సంగీతంలో ఉందని తెలుసా?

కరొలిన్ గ్రహం న్యూయార్క్‌లో విదేశీ విద్యార్థులకు ఇంగ్లిష్ చెప్పేవారు. పియానో కూడా వాయించేవారు. మామూలు మాటల్లోనే జాజ్ తాళం దాగి ఉందని ఆమె చెవికి తట్టింది. 1978లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా ‘జాజ్ చాంట్స్’, మరుసటి ఏడు పిల్లల కోసం ఇంకొకటి వచ్చాయి. ఆమె పెట్టుకున్న నియమం ఒకటే. తాళం కోసం మాటను వంచకూడదు. నిజంగా మనుషులు ఎలా అంటారో అలాగే ఉండాలి.

తెలుగు పిల్లల దగ్గర ఈ నియమం చాలా ముఖ్యం. మన చెవి మాత్రలకు అలవాటు పడింది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. వేమన ఆటవెలది చెప్పినా, సుమతీ శతకం కందం చెప్పినా ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి అందాల్సిందే. ఇంగ్లిష్ అలా నడవదు. అందులో కొన్ని అక్షరాల మీద బరువు పడుతుంది, మిగతావి వాటి మధ్య ఇరుక్కుని జారిపోతాయి. చెబితే అర్థం కాదు, చప్పట్లు కొట్టి చూడండి. ‘బాయ్స్, ప్లే, బాల్.’ మూడు చప్పట్లు. ఇప్పుడు ‘ద బాయ్స్ ఆర్ ప్లేయింగ్ విత్ ద బాల్.’ దీనికీ మూడే, అదే వేగం. ‘ఆర్’, ‘విత్’, ‘ద’ అన్నీ చప్పట్ల సందుల్లో దూరిపోవాలి. రెండో తరగతి పిల్లలు దీన్ని పది నిమిషాల్లో పట్టేస్తారు. నోటితో చెప్పి ఒప్పించడానికి మాత్రం ఏళ్లు చాలవు.

తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కనుక బుక్ బుక్కు అవుతుంది, పెన్ పెన్ను అవుతుంది. ఇంట్లో బుక్కే అనుకోనివ్వండి, తప్పులేదు, అది ఇప్పుడు మన మాటే. ఇంగ్లిష్ చాంట్ చెప్పేటప్పుడు మాత్రం చివరి హల్లు మీద చప్పట పడి, పిడికిలి మూసుకోవాలి. పిడికిలి మూసుకుంటే నోరూ మూసుకుంటుంది.

రైమ్స్‌ను ఎక్కం చెప్పినట్టు సాగదీసి చెప్పించే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. పిల్లల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అలా అరవై సార్లు చెప్పిన పలుకుబడి పదో తరగతి దాకా వెంట వస్తుంది. ఒకటో తరగతిలో దిద్దడమే తేలిక.

*

మంగళగిరి వీధుల్లోనే తయారుగా ఉన్న తాళం ఏమిటో చెప్పగలరా?

మగ్గం. చేనేత కుటుంబాలున్న వీధుల్లో గుంటమగ్గం చప్పుడు వింటూ పెరిగిన పిల్లలు ఈ బళ్లలో ఉన్నారు. నేతగాడు గోతిలో కాళ్లుపెట్టి కూర్చుంటాడు. కాలు తొక్కితే పడుగు పోగులు విడిపోతాయి, చేత్తో లాగితే నాడె ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దూసుకుపోతుంది, వెంటనే పేకను దగ్గరికి కొడతాడు. తొక్కు, విసురు, కొట్టు. కాలూ చెయ్యీ కంటితో కలిసి చేసే ఈ పనిని పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు. దాన్ని ఇంగ్లిష్ పాఠంలోకి ఎందుకు తేకూడదు? ఈ శీర్షిక కోసం రాసిన మూడు వరసలివి, కావాలంటే వాడుకోండి:

ప్రెస్ ద పెడల్, లెఫ్ట్, రైట్,
త్రో ద షటిల్, పుల్ ఇట్ టైట్,
రెడ్ థ్రెడ్, గ్రీన్ థ్రెడ్, బ్లాక్ అండ్ వైట్!

పిల్లలను రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ‘లెఫ్ట్’ అనగానే ఎడమకాలు, ‘రైట్’ అనగానే కుడికాలు. ‘త్రో’ అన్నప్పుడు దారపు ఉండ ఎదుటి వరసకు విసరాలి, ‘పుల్’ అన్నప్పుడు రెండు చేతులూ ఒంటికి లాక్కోవాలి. మూడో వరసలో ఎరుపు చొక్కా వాళ్లు లేవాలి, ఆకుపచ్చ వాళ్లు లేవాలి. ఎనిమిది, తొమ్మిది మాటలు పాఠ్యపుస్తకం తెరవకుండానే నలుగుతాయి. మగ్గం ఇంట్లో ఉన్న పిల్లను ముందుకు పిలిచి ‘మీ నాన్న ఎలా చేస్తారో చూపించమ్మా’ అనండి. ఆ పూట క్లాసుకు టీచరు ఆమే.

లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం ఉంది కదా. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించింది, 11 అంతస్తులది, ఊళ్లో ఎక్కణ్నుంచైనా కనిపిస్తుంది. ‘వన్’ దగ్గర నేలమీద గొంతుక్కూర్చుని, అంకె పెరిగేకొద్దీ లేస్తూ, ‘టెన్’ దగ్గర చేతులు చాచి, ‘ఎలెవెన్’ దగ్గర మునివేళ్ల మీద నిలబడమనండి. ఇంగ్లిష్ అంకెల్లో పిల్లలు తడబడేది సరిగ్గా పది దాటాకే, గోపురం ఆ తడబాటు దగ్గరికి చేర్చి ఆపుతుంది. తిరిగి దిగుతూ వెనక్కి లెక్కపెడితే ఇంకా మంచిది. ‘టాల్’, ‘షార్ట్’, ‘టాప్’, ‘బాటమ్’ దార్లోనే దొరుకుతాయి.

కొండమీద పానకాలస్వామి. శంఖంతో పానకం పోస్తుంటే గుటకల చప్పుడు వినిపిస్తుందనీ, పోసినదాంట్లో సగం స్వామి తాగి సగం ప్రసాదంగా వదులుతాడనీ భక్తుల నమ్మకం. ‘హాఫ్’ అనే మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ ఊరి పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? ‘ఫుల్’ అంటే చెయ్యి తలమీద, ‘హాఫ్’ అంటే నడుం దగ్గర, ‘ఎంప్టీ’ అంటే మోకాళ్ల దగ్గర. ‘పోర్’, ‘డ్రింక్’, ‘స్వీట్’ కూడా చేసి చూపించగలిగినవే. క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉంటారు కనుక ఒక గ్లాసు, ఒక చెంబు నీళ్లు చాలు.

*

వానను పొమ్మనే ఇంగ్లిష్ రైమ్ మన పిల్లలకెందుకు, మనం వానను రమ్మని కదా పిలిచేది అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మిరప పండే ఈ మైదానంలో వానను పొమ్మని నిజంగా ప్రాధేయపడే రోజులున్నాయని తెలుసా?

కోతలయ్యాక జనవరి నుంచి ఎర్రగా కల్లాలు పరుచుకుంటాయి. ఆరబోసిన కాయ మీద అకాలవర్షం పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది, గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. మబ్బు కనపడగానే ఇంటిల్లిపాదీ పట్టలు పట్టుకుని పరుగెత్తుతారు. జూన్‌లో విత్తనం వేశాక వాన రావాలి, ఫిబ్రవరిలో వాన పోవాలి. అందుచేత బడి తెరిచిన నెలలో ‘రెయిన్, కమ్’ అని చేతులు చాచి పిలిపించండి, కల్లాల నెలలో ‘రెయిన్, గో’ అని చేతులు విసిరి, బల్లమీద దుప్పటి కప్పి ‘కవర్ ద చిల్లీస్, రన్, రన్, రన్!’ అని పరుగెత్తించండి. ‘కమ్’, ‘గో’, ‘వెట్’, ‘డ్రై’, ‘కవర్’ ఒక ఏడాదిలో రెండుసార్లు, రెండు ఋతువుల్లో, రెండు రకాల అవసరంతో వస్తాయి. రైతుబిడ్డకు ఆ మాటల బరువు వివరించక్కర్లేదు.

ఇదే కాలానికి ఇంకో ముఖముంది. మిరప కోతకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు సీమకు వలస వస్తాయి. వాళ్ల పిల్లల చదువు తెగిపోకుండా సొంత ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నా, తల్లిదండ్రుల వెంట వచ్చేవాళ్లు ఉంటూనే ఉంటారు. పత్తి ఏరే కాలంలో ఇక్కడి బళ్లలోనూ హాజరు పలచబడుతుంది. అమ్మ నడుముకు ఒడి కట్టుకుని పత్తి ఏరడాన్ని ‘పిక్ ద కాటన్, ఫిల్ ద బ్యాగ్’ అని చాంట్‌గా ఆడించవచ్చు. కాకపోతే ఆ క్లాసులో నిన్నటిదాకా చేలో నిజంగా ఏరి వచ్చిన పిల్ల ఉందేమో టీచరు ముందుగా చూసుకోవాలి. ఆమెకు అది ఆట కాదు. నెలరోజుల తర్వాత బడికొచ్చిన పిల్లకు పుస్తకం ఇచ్చి వెనక పాఠాలు రాసుకోమనడం కన్నా, చాంట్ వరసలో మధ్యన నిలబెట్టడం మేలు. పక్కవాళ్ల చేతులు చూస్తూ రెండురోజుల్లో కలిసిపోతుంది.

*

క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పడం వల్ల వచ్చే నష్టం ఏమిటో తెలుసా?

పైన అమరకోశం దగ్గర ఆపిన సంగతి ఇదే. నలభై మంది కలిసి అరుస్తుంటే నలుగురికి వచ్చిందా, నలభై మందికీ వచ్చిందా తెలియదు. పెదవులు కదిపేవాళ్లు, పక్కవాడి చివరి అక్షరం అందుకునేవాళ్లు ఆ హోరులో దాక్కుంటారు. వెనక వరసలో కూర్చునే పిల్లలు ఏళ్ల తరబడి అలా దాక్కుని అయిదో తరగతి దాటడం మన బళ్లలో కొత్తేమీ కాదు, ఇది మనసును బాధపెట్టే విషయం. టీచర్లు పూనుకుంటే మాన్పగలిగిందే. రెండు పనులు చేయాలి. ఒకటి, మాటకు తగ్గ కదలిక పెట్టడం. ‘జంప్’ అన్నప్పుడు గెంతని పిల్లాడు వెంటనే కంటికి కనపడతాడు, నోరు మోసం చేసినా కాళ్లు చేయలేవు. చప్పట్లు మాత్రమే ఉన్న చాంట్‌లో ఈ వెసులుబాటు లేదు, అన్ని మాటలకూ ఒకే చప్పట కదా. రెండు, వరస మార్చడం. ‘హెడ్, షోల్డర్, నీ’ రోజూ ఒకే వరసలో చెబితే పిల్లలకు వచ్చేది వరసే. ‘నీ, హెడ్, నోస్’ అని హఠాత్తుగా తిప్పి చెప్పండి. టీచరు కావాలని చెవి పట్టుకుని ‘నోస్’ అనాలి. అప్పుడు ఎవరి చెయ్యి ముక్కు మీదకు వెళ్లిందో వాళ్లకు మాట వచ్చింది, చెవి పట్టుకున్నవాళ్లకు ఇంకో వారం ఆట కావాలి. పరీక్ష పెట్టినట్టు పిల్లలకు తెలియనే తెలియదు.

ఇంకొక మాట. చాంట్‌కు ముందు నిమిషం సేపు తెలుగులో మాట్లాడటం నేరం కాదు. ‘కల్లంలో ఏం చేస్తారురా?’ అని అడిగి, పిల్లలు చెప్పాక, ఇంగ్లిష్‌లోకి దిగండి. ఆంధ్రప్రదేశ్ బడి పుస్తకాలు 2020–21 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్‌తో వస్తున్నాయి. టీచరు నోట్లో మాత్రం ఆ రెండు పేజీలూ ఎందుకు ఉండకూడదు? తెలుగు నోరు నొక్కి ఇంగ్లిష్ చెప్పించిన చోట పిల్లలు మౌనం నేర్చుకుంటారు. మంగళగిరి శాసనసభ్యుడే 2024 జూన్ నుంచి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి. ఈ ఊరి బళ్ల మీద రాష్ట్రం కన్ను సహజంగానే ఎక్కువ పడుతుంది, ఇక్కడ రెండు భాషలూ కలిసి నడిస్తే చూసి నేర్చుకునేవాళ్లూ ఎక్కువే ఉంటారు.

*

ఇంగ్లిష్ అంతగా రాని టీచరు కూడా మంచి ఉచ్చారణతో ఇంగ్లిష్ చెప్పించిన దేశం ఏదో తెలుసా?

కెన్యా. 1980 నుంచి 1985 దాకా అక్కడ ఒకటి, రెండు, మూడు తరగతులకు రేడియోలో ఇంగ్లిష్ పాఠాలు నడిచాయి. రేడియో ఒక మాట చెప్పి ఆగుతుంది, పిల్లలు జవాబిస్తారు. పాట వస్తుంది, పాడతారు. లేవమంటుంది, లేస్తారు. మన ఆకాశవాణిలో ప్రాథమిక పాఠశాలలకు వచ్చిన ‘విందాం నేర్చుకుందాం’ ఈ కుదురులోదే. ఆ కార్యక్రమం విన్న పిల్లల్లో కొందరు ఈనాడు టీచర్లు. రేడియో పోయినా ఫోను చేతిలో ఉంది. ఒక మంచి గొంతును రికార్డు చేసుకుని క్లాసులో వినిపించడానికి ఏ పథకమూ అక్కర్లేదు.

*

ఇదే పద్ధతి తిరగబడి మన భాషకు కాపు కాస్తోందని తెలుసా? అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో ఇంగ్లిష్ మాతృభాషలా పెరిగిన తెలుగు పిల్లలు ఆటపాటలతో తెలుగు నేర్చుకుంటున్నారు. మంగళగిరి పిల్ల ‘నోస్’ అంటూ ముక్కు పట్టుకునే వేళకు, అక్కడ మరో పిల్ల ‘ముక్కు’ అంటూ ముక్కు పట్టుకుంటుంది.

*

చివరగా టీచర్లకు పనికొచ్చే సంగతి. మార్చి నడిమికల్లా ఒంటిపూట బడులు మొదలవుతాయి. గెంతే చాంట్లు మొదటి పీరియడ్‌లో, చెట్టునీడ ఉంటే అక్కడ, పెట్టుకోండి. పదిన్నర దాటాక రేకుల గదిలో గెంతించడం పిల్లలకు శిక్ష అవుతుంది. అప్పుడు కూర్చుని ఆడే వేళ్ల ఆటలకు మారండి: ‘థంబ్ అప్, థంబ్ డౌన్’, ‘ఓపెన్, షట్’, ‘ఫాస్ట్, స్లో’. ఒక పీరియడ్‌కు కొత్తమాటలు అయిదారు చాలు, నిన్నటివి రెండు కలపండి. చాంట్ అయ్యాక మంచినీళ్లు తాగించండి, తాగేటప్పుడు ‘డ్రింక్’ అనడం మరవద్దు.